లప్పం మేస్త్రి కొనబోయిన ఇల్లు

లప్పం మేస్త్రిని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు, ఒక్క లప్పం మేస్త్రికి తప్ప. ఈ మాట గిట్టనివాళ్ళు పుట్టించింది కాదు. సాయంత్రం పని దిగాక టీకొట్టు బల్లమీద కాళ్ళు ముడుచుకు కూర్చుని ఆయనే అంటాడు, అని ఆయనే ముందు నవ్వుతాడు. నవ్వినప్పుడల్లా కనుబొమల మీంచి కాస్త సున్నప్పొడి రాలుతుంది.

ముప్పై రెండేళ్ళుగా ఆయన పని ఇళ్ళకు రంగులు వెయ్యడం. రంగుదేముంది, డబ్బా మూత తీయడం వచ్చినవాడల్లా వేస్తాడు. రంగుకు ముందు గోడ మీది గుంటల్లో, గీతల్లో, పగుళ్ళలో తెల్లటి ముద్ద పట్టించి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, చెయ్యి వేస్తే జారేట్టు తయారుచెయ్యాలి. ఆ ముద్ద పేరే లప్పం. ఆ పనిలో ఆయన చేతికి తిరుగు లేదు కాబట్టి, కన్నవాళ్ళు పెట్టిన పేరు కాస్తా ఆసుపత్రి చీటీల మీద మాత్రమే మిగిలింది.

ఇళ్ళు కట్టుకునేవాళ్ళకన్నా అమ్ముకునేవాళ్ళే ఆయన్ని ఎక్కువగా వెతుక్కుంటూ వచ్చేవారు. "మేస్త్రీ, వచ్చే వారం కొనేవాళ్ళు చూడ్డానికొస్తున్నారు, ఒకసారి చెయ్యి వెయ్యి" అనేవారు. ఆయన చెయ్యి వేసేవాడు. పగులు ఎందుకొచ్చింది, ఎంత లోతుంది అని అడిగేవాడు కాదు. జబ్బు సంగతి డాక్టరు అడగాలి గానీ ముఖానికి పౌడరు రాసేవాడు అడుగుతాడా అని తనకు తానే సర్ది చెప్పుకునేవాడు. అలా ఎన్ని పగుళ్ళు పూడ్చాడో లెక్క లేదు. ఎవరు కొన్నారో, కొన్నాక ఏం చూశారో, అదీ తెలీదు.

అలాంటి మనిషికి సొంత ఇల్లు కొనుక్కోవాలని బుద్ధి పుట్టింది. నిజానికి పుట్టింది ఆయనకు కాదు, భార్యకు.

ఆవిడ మిషన్ కుడుతుంది. వాళ్ళుండే అద్దె వాటాకు ఉన్న ఒకే ఒక్క కిటికీ ఇంటివాళ్ళ మేడమెట్ల కిందకు తెరుచుకుంటుంది. కిటికీలోంచి చూస్తే మెట్లెక్కేవాళ్ళ చెప్పులు తప్ప మరేమీ కనపడవు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని, సూదిని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, దారం తడిపి, మెలిపెట్టి, మళ్ళీ తడిపి, ఆవిడ పడే అవస్థ చూడాలి. కళ్ళజోడు రెండుసార్లు మార్చారు. "జోడు మార్చి ఏం లాభం, మార్చాల్సింది కిటికీని" అని డాక్టరే అన్నాడు. ఆవిడ ఇరవై ఏళ్ళుగా కుట్టి దాచుకున్నదంతా ముందు పెట్టి, "చిన్నదైనా పరవాలేదు, పల్లెటూరైనా పరవాలేదు, నాకు వెలుతురొచ్చే కిటికీ ఉన్న ఇల్లొకటి చూడయ్యా" అంది.

చూశాడు. పదహారు ఇళ్ళు చూశాడు. ఇల్లు చూడ్డమంటే ఆయన దృష్టిలో సోదా చెయ్యడం. చెప్పులు విప్పీ విప్పకముందే వేలిముడులతో గోడలు తట్టేవాడు. చెమ్మ వాసన కోసం ముక్కు గోడకు ఆనించేవాడు. జేబులోంచి గోలీ తీసి నేలమీద వదిలి, అది ఎటు దొర్లుతుందో కళ్ళప్పగించి చూసేవాడు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న బీరువాలన్నీ ఒక్కొక్కటే ముందుకు లాగేవాడు. అమ్మేవాళ్ళు ఏ పగుళ్ళు ఎక్కడ దాస్తారో ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"ఏమయ్యా, మనం ఇల్లు కొనడానికొచ్చామా, దొంగని పట్టుకోడానికొచ్చామా?" అని భార్య ఐదో ఇంట్లో అడిగింది.

"రెండూ ఒకటేనే" అన్నాడాయన గొప్పగా.

తొమ్మిదో ఇంటి తర్వాత ఆవిడ వెంట రావడం మానేసింది. ఆయన ఒక్కడే వెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపేవాడు. ఆవిడ మిషన్ మీంచి తలెత్తకుండా "ఊఁ" అనేది. ఆ "ఊఁ" రోజురోజుకీ చిన్నదైపోతూ వచ్చింది.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఆ పదహారింటిలో అన్నీ పనికిమాలినవి కావు. ఓ ఆరేడు ఇళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. కానీ కొన్నాక ఏ మూలో ఒక పగులు బయటపడితే? లప్పం మేస్త్రికే ఎవడో లప్పం పెట్టాడట అని ఊరంతా కడుపుబ్బ నవ్వదూ? ఆ భయంతో ఉన్నవీ లేనివీ వంకలు పెట్టి కాదనుకున్నాడు. పెళ్ళాం కళ్ళకన్నా తన పేరే ఎక్కువైందన్నమాట. ఈ ముక్క ఆయన భార్యకు చెప్పలేదు, తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

చివరికి ఆయన బుర్రకు ఒక ఉపాయం తట్టింది. ఒకసారి పెద్ద భవనంలో పనిచేస్తున్నప్పుడు ఒక ఇంజనీరమ్మను చూశాడు. వయసు చిన్నదే, కూతురంత ఉంటుంది. మోకాళ్ళ దాకా బూట్లేసుకుని, చిన్న సుత్తి, టార్చి, నిచ్చెన పట్టుకుని, పునాది దగ్గర్నించి పైకప్పు దాకా ఇంటిని పరీక్ష చేసి, ఎక్కడ ఏముందో పేజీలకు పేజీలు రాసి సంతకం పెట్టి ఇస్తుంది. ఆవిడ చేత పరీక్ష చేయించి కాగితం తీసుకుంటే, రేపు ఏదైనా పగిలినా పగిలింది ఇంజనీరమ్మ పేరు గానీ తన పేరు కాదు. వెంటనే వెళ్ళి మాట్లాడి, "ఈసారి ఏ ఇల్లు చూసినా మీరే చెప్పాలి తల్లీ" అని ముందుగానే ఒప్పించి, వచ్చే శుక్రవారమని రోజు కూడా ఖాయం చేసేసుకున్నాడు. ఇంటికొచ్చి, "చదువుకున్న మనిషి చేత చూపిస్తున్నా, ఏమనుకున్నావ్!" అని భార్య ముందు ఛాతీ విరుచుకున్నాడు.

ఆ పదిహేడో ఇల్లు నర్సమ్మది. బస్సులో నలభై నిమిషాలు వెళ్తే వచ్చే పల్లెలో ఉంది. ఆసుపత్రిలో నర్సు పని మానేశాక ఆవిడ ఆ పల్లెలోనే ఉంటూ, పొద్దుటిపూట దగ్గర్లోని చిన్న వైద్యశాలకు వెళ్ళి సాయం చేసి వస్తుంటుంది. ఒంటరి మనిషి. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామని ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఆ రోజు మేస్త్రి భార్య ఎవరివో బట్టలు అందజేయడానికి అటువైపే వెళ్ళాల్సి వచ్చి, వెళ్తున్నాం కదా అని ఆయనతోపాటు వచ్చింది. ఇల్లు చూడాలన్న ఆశతో మాత్రం కాదు.

వంటింట్లో గట్టు పక్కన నిలువెత్తు కిటికీ. అవతల ఖాళీ దొడ్డి, దాని మీద ఆకాశం. ఆవిడ అక్కడ కాసేపు నిలబడింది. తర్వాత సంచిలోంచి సూది, దారపుండ తీసింది. కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, చెయ్యి చాచి, దారాన్ని తడపకుండానే సూదిలోకి పంపింది. వెళ్ళింది.

"ఎక్కింది" అంది. అంతే అంది. మేస్త్రి ఆవిడ ముఖం వైపు చూశాడు. పెళ్ళైన కొత్తలో చూసిన ముఖం అది.

ఆవిడ దారాన్ని తీసి మళ్ళీ ఎక్కిస్తూ ఉండగా ఆయన అలవాటు చొప్పున వెనకగదిలోకి నడిచాడు. అలవాటు చొప్పున బీరువాను జానెడు ముందుకు లాగాడు. దాని వెనక నక్కి కూర్చుంది పగులు. పైనున్న కిటికీ మూల దగ్గర వెంట్రుక మందంతో మొదలై, ఏటవాలుగా దిగుతూ, కిందకొచ్చేసరికి నాణెం నిలువుగా దూరేంత వెడల్పైంది. నర్సమ్మకు దాని సంగతి తెలియదు. ఆ బీరువా పెట్టింది పెట్టినట్టే ఏళ్ళుగా ఉంది.

"ఏమైనా ఉందా?" అని వంటింట్లోంచి భార్య అడిగింది. ఆ గొంతులో భయం ఆయనకు వినిపించింది.

లప్పం మేస్త్రి బీరువాను వెనక్కి తోశాడు. పదిహేడు ఇళ్ళలో మొదటిసారి, "ఏం లేదు" అన్నాడు.

తిరుగు బస్సులో ఆవిడ ఆ కిటికీ దగ్గర మిషన్ ఎటు తిప్పి పెట్టాలో చేతులతో గాలిలో చూపిస్తూనే ఉంది. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. బస్సు దిగేటప్పుడు గుర్తొచ్చింది, శుక్రవారం ఇంజనీరమ్మ వస్తోంది. తన నోటితో తనే పిలిచాడు. ఆ పిల్ల బీరువా జరపకుండా ఉంటుందా? పగులు చూస్తుంది, కాగితం మీద రాస్తుంది, సంతకం పెడుతుంది. ఆ కాగితం తను తీసుకొచ్చి భార్య చేతిలో పెట్టాలి. మళ్ళీ గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపడం ఇక తన వల్ల కాదనుకున్నాడు.

సోమవారం పొద్దున్నే సంచి తగిలించుకుని నర్సమ్మ ఇంటికి వెళ్ళాడు. కొలతలు తీసుకుంటానన్నాడు.

"కొనేవాడివి, నీ ఇల్లే అనుకో తమ్ముడూ. నేను ఇవాళ సాయంత్రానికి గానీ రాను" అని ఆవిడ తాళంచెవి చేతిలో పెట్టి పనికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చూడండి ఈ మహానుభావుడి నిర్వాకం. పనితనం తెలియనివాడైతే పగులు మీద పైపైన పూసి చక్కాపోయేవాడు. ఈయన అలా చేస్తే ముప్పై రెండేళ్ళ పేరు ఏం కావాలి? గీకుడు రేకు మొనతో పగులును ఆసాంతం కొద్దిగా వెడల్పు చేశాడు. బ్రష్షుతో లోపలి పొడంతా ఊడ్చాడు. తడి బ్రష్షుతో మళ్ళీ కడిగాడు. లప్పం మూడు విడతలుగా కూరి, ఆరేదాకా ఆగి, ఉప్పుకాగితంతో రుద్దాడు. ఆ తర్వాత రంగు. కొత్త రంగు కలపడం ఎంతసేపు! ఆరేళ్ళుగా పాతబడ్డ సున్నం రంగు కలపడంలో ఉంది కష్టమంతా. టీ డికాషనూ, కాస్త దీపం మసీ, ఓ చుక్క నీలిమందూ కలిపి, గోడ పక్కన పెట్టి చూసి, మళ్ళీ కలిపి, వేశాడు. అంతకుముందు ఆ గోడకు సున్నం వేసినవాడెవడో బ్రష్షు సరిగ్గా పట్టడం రానివాడు. వాడి వంకర గీతలను కూడా అచ్చు గుద్దినట్టు దింపాడు. రాలిన పొడిని కాగితంలో పొట్లం కట్టి సంచిలో వేసుకున్నాడు. జరిపిన సామాను అంగుళం తేడా లేకుండా ఎక్కడిదక్కడ పెట్టాడు.

అప్పుడు నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. పగులు ఎక్కడుండేదో ఆయనకే తెలియలేదు. ఆహా అనుకున్నాడు. "తన చేతుల్తో, తన లప్పంతో, తను కొనబోయే ఇంట్లో లోపాన్ని తనే పిలిపించిన ఇంజనీరుకి కనపడకుండా దాచుకున్నవాడు నాలాంటివాడు ఇంకోడుంటే చూపించండి, వాడి కాళ్ళకి దణ్ణం పెడతా" అంటాడు ఇప్పుడు టీకొట్టులో. ఆ వేళ మాత్రం ఈల వేసుకుంటూ బస్సెక్కాడు.

శుక్రవారం పొద్దున ఇంజనీరమ్మ వచ్చింది. మేస్త్రి, భార్య, నర్సమ్మ ముగ్గురూ ఆవిడ వెనక పెళ్ళివారిలా బయల్దేరారు. ఆవిడ టీ వద్దంది, కుర్చీ వద్దంది. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టింది.

"ఈ తలుపు కింద చెక్క చివికింది" అంది.

"ఎక్కడమ్మా? అది చివకడం కాదు, తడిసి నల్లబడిందంతే" అన్నాడు మేస్త్రి.

"ముందుగదిలో నేల కొంచెం వాలుగా ఉంది."

"కడిగినప్పుడు నీళ్ళు పోవద్దూ? తెలిసినవాడెవడో కావాలనే పెట్టాడమ్మా!"

"ఈ కరెంటు తీగలు మార్చాలి."

"చూడ్డానికి అలా ఉన్నాయి గానీ, పాతకాలం సరుకు, గట్టిది."

నర్సమ్మ ఆగిపోయి ఆయన ముఖంలోకి చూసింది. "తమ్ముడూ, ఇల్లు అమ్మేది నేనా నువ్వా?" అంది. మేస్త్రి భార్య చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పదహారు ఇళ్ళలో గోడలను వాసన చూసిన మనిషి ఇలా మారిపోయాడేమిటా అని ఆవిడకు ముచ్చటేసింది. ఈ ఇల్లు ఆయనకూ అంత నచ్చిందన్నమాట అనుకుంది పిచ్చి తల్లి.

ఇంజనీరమ్మ నిచ్చెనెక్కి పైకప్పు దూలాలను ఒక్కొక్కటే ఇనప మొనతో పొడిచి చూసింది. అవి ఒక చివర వెనకగది గోడ మీద ఆని ఉన్నాయి. బాగున్నాయంది. తర్వాత ఇంటి వెనక్కి వెళ్ళింది. స్నానాలగది నీళ్ళు పోయే గొట్టం నేలలోకి దిగే వంపు దగ్గర విరిగి ఉంది. నీళ్ళన్నీ గోడ మొదట్లోనే ఇంకుతున్నాయి. ఆవిడ గొంతుక్కూర్చుని, ఒక సన్నటి ఇనప ఊచను గోడ పక్కన మట్టిలో గుచ్చింది. అది కత్తి వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. ఆవిడ నుదురు ముడిపడింది. మేస్త్రి గుండె కూడా ఆ ఊచతోపాటే దిగిపోయింది.

"వెనకగది చూడాలి" అని గబగబా లోపలికి నడిచింది.

బీరువా జరిపించింది. టార్చిని గోడకు పక్కగా ఆనించి వెలుగు పారించింది. అలా పారిస్తే అతుకు ఎక్కడున్నా దాని నీడ పడుతుంది. పడలేదు. తేమ చూసే యంత్రం పెట్టింది. నాలుగు రోజుల్లో లప్పం ఎండి గట్టిపడింది. యంత్రమూ ఏమీ అనలేదు. సుత్తితో కింది నుంచి పైదాకా తట్టింది. ఎక్కడా డొల్ల చప్పుడు రాలేదు. చివరికి అరచేత్తో గోడంతా నిమిరింది. మేస్త్రి ఊపిరి బిగబట్టి గుమ్మానికి అతుక్కుపోయాడు.

"ఇంట్లో అన్నిటికన్నా మంచి గోడ ఇదేనండీ" అంది ఇంజనీరమ్మ.

ముప్పై రెండేళ్ళు! లప్పం పని బాగా చేస్తే ఎవరికీ కనపడదు, కనపడనిదాన్ని ఎవరూ మెచ్చుకోరు. బాగుందన్న మాట కోసం ముప్పై రెండేళ్ళుగా మొహంవాచి ఉన్నాడు. అలాంటిది చదువుకున్న ఇంజనీరు, చేత్తో నిమిరి మరీ అంది. ఆయన ఒళ్ళు పులకరించింది. "నేనే, నేనే చేశా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. సిగ్గులేని జన్మ అని ఇప్పుడు తిట్టుకుంటాడు గానీ, ఆ క్షణాన నిజంగానే పొంగిపోయాడు.

ఇంజనీరమ్మ కాగితాలు తీసి అట్ట మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే మేస్త్రి భార్యకు వివరించింది. "బయట ఆ మట్టి చూసి భయపడ్డానండీ. అంత మెత్తబడితే పునాది కుంగుతుంది. పునాది కుంగితే ముందు ఈ గోడే పగలాలి. కానీ చిన్న గీత కూడా లేదు. అంటే కింద నేల గట్టిగానే ఉంది. గొట్టం బాగుచేయించుకుంటే చాలు. మీరు నిశ్చింతగా కొనుక్కోవచ్చు."

మేస్త్రి భార్య రెండు చేతులూ జోడించేసింది. "నీ నోటి చలవ తల్లీ" అంది. కళ్ళు తుడుచుకుంది. గదంతా ఒకసారి కలియజూసి, "మిషన్ వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుంటా. మేం ఈ గదిలో పడుకుంటాం. మనవరాలొస్తే దాన్నీ ఇక్కడే, నా పక్కన" అంది.

ఇంజనీరు చెప్పిన మాట మేస్త్రి బుర్రలోకి అప్పుడు దిగింది. పగులు లేదు కాబట్టి ఇల్లు గట్టిదంటోంది ఆ పిల్ల. పగులు లేకుండా చేసింది తను. తను దాచింది ఒక లోపాన్ని కాదు, ఆ ఇల్లు చెబుతున్న మాటను. దాని నోట్లో లప్పం కుక్కాడు.

"ఇంజనీరమ్మా, ఆ గోడ నేను చేసిందేనమ్మా" అన్నాడు.

"అవునా మేస్త్రిగారూ? ఎంత బాగా చేశారండీ! ఎన్నేళ్ళయింది?" అంది ఆవిడ రాస్తూనే.

"సోమవారం."

కలం ఆగింది. నర్సమ్మ అర్థం కానట్టు చూసింది. భార్య మాత్రం చూడలేదు. ఆవిడ చూపు కిందికి దిగిపోయింది.

మేస్త్రి చెప్పేశాడు. బీరువా దగ్గర్నించి డికాషన్ దాకా అన్నీ చెప్పాడు. ఇంజనీరమ్మ సంచిలోంచి గీకుడు రేకు తీసి ఆయన చేతికిచ్చింది. తన జీవితంలోకెల్లా గొప్ప పనిని తన చేత్తోనే గీకాడు. మూడు విడతల లప్పం ముక్కలు ముక్కలుగా రాలింది. కింద పగులు బయటపడింది, కడిగిన పళ్ళెంలా శుభ్రంగా.

ఇంజనీరమ్మ టార్చి వేసి లోపలికి చూసి, పళ్ళు కొరికింది. "పాత పగులా, కొత్తదా అన్నది లోపలి పొడి చూస్తే తెలిసిపోతుంది మేస్త్రిగారూ. పాతదైతే ఎప్పుడో కుంగి ఆగిపోయిందని అర్థం. కొత్తదైతే ఇంకా కుంగుతోందని. మీరు ఆ పొడి ఊడ్చేసి, మళ్ళీ కడిగారు కూడా! ఇంకెవరైనా పైపైన పూసి పోయుంటే నాకు ఆనవాలన్నా మిగిలేది."

మేస్త్రికి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సినచోట నవ్వు రావడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. పని చెడగొట్టుకోవడంలో కూడా పనితనం చూపించాడు మరి!

"ఇక దాని లోపల ఏముందో చూసినవాళ్ళు మీరొక్కరే. గుర్తు తెచ్చుకుని చెప్పండి. బ్రష్షుతో ఊడిస్తే వచ్చిన పొడి నల్లగా ఉందా, తెల్లగా ఉందా?"

నల్లగా అంటే ఏళ్ళ దుమ్ము పట్టిన పాత పగులు. ఇల్లు తమది. తెల్లగా అంటే మొన్న మొన్న విచ్చుకున్నది. ఇది ఏ మేస్త్రికైనా తెలిసిన సంగతే. నల్లగా అని ఒక్క మాట చాలు. కాదనేవాళ్ళు లేరు, పొడి ఎప్పుడో చెత్తకుప్పలో కలిసింది. అప్పుడు భార్య తలెత్తి ఆయన్ని చూసింది. ఆవిడ కుడిచేతి వేళ్ళ మధ్య దారం ఎక్కించిన సూది ఉంది. కిటికీ దగ్గర్నించి అలాగే పట్టుకుని తిరుగుతోంది. నిజం చెబుతాడో లేదోనని ఆవిడ ఎదురుచూస్తున్నట్టు ఆయనకనిపించింది. ఇల్లు కావాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా ఆ పొడి ఆయన కళ్ళముందు కదలాడింది.

"తెల్లగా ఉందమ్మా. విరిచిన సుద్దముక్కలా తెల్లగా ఉంది. ఒక్క సాలెగూటి పోగు కూడా రాలేదు."

ఇంజనీరమ్మ రాసిన కాగితాన్ని అడ్డంగా చించేసింది. కొత్తది తీసి నిలబడే రాసింది. గోడ కుంగుతోంది. దూలాల కింద వెంటనే బలమైన కర్రలు నిలబెట్టాలి. పునాది తవ్వి చూడాలి. అందాకా ఈ ఇల్లు కొనకూడదు, ఈ గదిలో ఎవరూ పడుకోకూడదు. రాయడం పూర్తిచేసి, "ముందు ఆ మంచం బయటికి తీయండి" అంది.

అప్పుడు చూశారు అందరూ మంచం వైపు. అది పగులు గోడ వెంబడే వేసి ఉంది. దాని మీద నర్సమ్మ దుప్పటి నీటుగా మడత పెట్టి ఉంది. నర్సమ్మ ముందు దిండ్లు తీసి గుండెకు హత్తుకుంది. మిగిలిన ముగ్గురూ కలిసి మంచాన్ని ముందుగదిలోకి మోశారు. ఆవిడ దాని మీద దిండ్లు సర్దింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ కథను టీకొట్టులో మేస్త్రి వందసార్లు చెప్పి ఉంటాడు. "సోమవారం" దగ్గర జనం పొట్ట చేత్తో పట్టుకుంటారు, పొడి కడిగేశాడన్న చోట ఒకడు బల్ల మీంచి జారి పడతాడు. కాగితం చించేయడంతో ఆయన కథ ఆపేస్తాడు. తర్వాత బస్సు కోసం ఎదురుచూసినప్పటి సంగతి ఎవరికీ చెప్పలేదు.

బస్సు రావడానికి చాలా టైముంది. భార్య బస్సాగే చోటున్న అరుగు మీద ఓ చివర కూర్చుంది. మేస్త్రి ఇంకో చివర కూర్చున్నాడు. నవ్వించి గండం దాటించుకోవడం ఆయనకు అలవాటు. "చూశావుటే, ముప్పై రెండేళ్ళకి నా పనిని ఒకరు మెచ్చుకున్నారు. వెంటనే నా చేత్తోనే గీకించారు!" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. సూదిలోంచి దారం లాగి ఉండకు చుట్టింది. సూదిని గుడ్డముక్కకు గుచ్చి సంచిలో పెట్టింది.

"ఇల్లు పోతే పోయిందిలే. తెల్లగా అన్నావు, అది చాలు. నాకు కోపం లేదు" అంది.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. అరుగు మీద కాస్త ఆవిడ వైపు జరిగాడు.

"ఒకటి చెప్పు. ఆ లప్పం పెట్టేటప్పుడు నీకు మంచం అడ్డం రాలేదా?" అంది ఆవిడ.

"వచ్చింది. ఇవతలికి లాగాను."

"మరి పనైపోయాక?"

మేస్త్రి అరచేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా ఆ గోడ తెలుపు ఉంది. నవ్వడానికి నోరు తెరిచాడు గానీ నవ్వు రాలేదు.

"మళ్ళీ ఉన్నచోటే పెట్టాను" అన్నాడు.